సగం గీసిన గడ్డం

పొద్దున్నే సెలూను తలుపు నెట్టుకుని లోపలికి అడుగుపెట్టిన పెద్దమాస్టరుకి తన కుర్చీ గోడవైపు తిరిగి కనిపించింది. దాని మీద ఉతికిన తువ్వాళ్ళు దొంతరలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి.

తమ్ముడు అప్పటికే తన కుర్చీ దగ్గర నిలబడి స్ప్రే సీసాలో నీళ్ళు నింపి మూత బిగించాడు. అన్న రావడం అద్దంలోంచి చూశాడు. చూసి, బిగిసే ఉన్న సీసా మూతని ఇంకో చుట్టు బిగించాడు.

"ఏంట్రా ఇది?"

"ఏముందన్నయ్యా, తువ్వాళ్ళు పెట్టుకోడానికి చోటు చాలట్లేదు. కొన్నాళ్ళేగా. నీకు పూర్తిగా నయమయ్యాక తీసేద్దాం." తలుపు పక్కన వేసిన చిన్న కుర్చీ చూపించాడు. దాని మీద కొత్త దిండొకటి ఉంది. "అక్కడ కూర్చో. వచ్చేవాళ్ళని పలకరిస్తూ ఉండు. నువ్వు ఎదురుగా ఉంటే చాలు, షాపుకి అదో నిండుదనం."

నిండుదనం! గోడకి వేలాడే కేలండరు కూడా నిండుదనమే.

పెద్దమాస్టరు ఎడమ కాలిని ఈడ్చుకుంటూ వెళ్ళి దిండు మీద కూర్చున్నాడు. ఆ షాపు అన్నదమ్ములిద్దరిదీ. వీధిలో అందరూ అతన్ని పెద్దమాస్టరనీ, తమ్ముణ్ణి చిన్నమాస్టరనీ పిలుస్తారు. స్ట్రోక్ వచ్చి ఎడమపక్క పడిపోయినా కుడిచెయ్యి చెక్కుచెదరలేదు. కత్తి పట్టుకుంటే అదే చెయ్యి, అదే నాజూకు. ఎడమ చేతివేళ్ళు కొంచెం మొద్దుబారాయి కానీ, కణుపులతో నొక్కిపట్టి చెంప చర్మం బిగించడం మళ్ళీ అలవాటు చేసుకున్నాడు. పని చెయ్యలేని మనిషి కాడతను. అసలు చిక్కు చేతిలో లేదు, కాలిలోనూ లేదు. పొత్తికడుపులో ఉంది.

కిందటి వారం వీధి చివరి దర్జీకి మీసం సరిచేస్తున్నాడు. ఒంటేలు వచ్చింది. ఇదివరకైతే ముందు కబురొచ్చేది, తర్వాత కాసేపు ఆగేది, వీలు చూసుకుని వెళ్ళేవాడు. ఇప్పుడు కబురూ అదీ కలిసే వస్తున్నాయి. మీసం ఇంకొక్క కొన ఉంది, అయిపోతుందిలే అనుకున్నాడు. అవలేదు. ప్యాంటు తడిసింది, మోకాలు దాటింది, చెప్పులోకి దిగింది. దర్జీ అద్దంలో చూశాడు. చూసి, వెంటనే కళ్ళు మూసుకున్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

దాని ఫలితమే ఈ తువ్వాళ్ళు.

కస్టమర్లు వస్తున్నారు. తమ్ముడు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి తెల్లగుడ్డ విదిలిస్తున్నాడు. ఆ విదిలించడం పెద్దమాస్టరు నేర్పిందే. మెడ దగ్గర గుడ్డ మడత పెట్టేటప్పుడు వేలు అడ్డం పెట్టడం కూడా అతను నేర్పిందే. అవే చేతులు ఇప్పుడు తన ఎదురుగా, తన కస్టమర్ల మెడల మీద ఆడుతుంటే, తన సొత్తు ఎవరో తొడుక్కుని తిరుగుతున్నట్టుంది.

టీ తాగాక తమ్ముడు గ్లాసు కిందపెట్టి, ఏదో కూనిరాగం తీస్తూ వెనకవైపుకి వెళ్ళాడు. బాత్రూం తలుపు పూర్తిగా వేసుకోలేదు కూడా. ధార చప్పుడు వినిపించింది. నిబ్బరంగా, గట్టిగా మొదలై, కావలసినప్పుడు ఠక్కున ఆగింది. చేతులు తుడుచుకుంటూ, అదే రాగం వదిలినచోటే అందుకుంటూ వచ్చి కత్తెర తీసుకున్నాడు.

వాడి వయసు మీద పెద్దమాస్టరు ఎప్పుడూ అసూయపడలేదు. వాడి ఒత్తైన జుట్టు మీదా, పెళ్ళాం మీదా, పిల్లల మీదా లేదు. ఇవాళ వాడి ఉచ్చ మీద అసూయపడ్డాడు. ఇంత కన్నా దిగజారుడు ఉంటుందా అని తనని తానే ఛీ కొట్టుకున్నాడు. అయినా కడుపులో మంట తగ్గలేదు.

*

మర్నాడు వ్యాయామాల రోజు. ఫిజియోథెరపీ హాల్లో పొడుగ్గా రెండు ఇనుప కడ్డీలుంటాయి. వాటి మధ్యన, రెండు చేతులా పట్టుకుని నడవాలి. పెద్దమాస్టరు భార్య ఎప్పటిలాగే గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. సంచీలో ఇంకో ప్యాంటూ, ఇంకో లోపలి నిక్కరూ, ఓ తువ్వాలూ ఉంటాయి. ఆ సంచీ చూస్తేనే అతనికి ఒళ్ళుమంట. పసిపిల్లాణ్ణి బయటికి తీసుకొచ్చినట్టు.

"రైట్... రైట్... పోనీయ్!"

హాలంతా నవ్వింది. కండక్టరు వచ్చేశాడు. బస్సు డిపోలో ఉద్యోగం అతనిది. పెద్దమాస్టరుకి స్ట్రోక్ వచ్చిన నెలలోనే అతనికీ వచ్చింది. ఇద్దరిదీ ఎడమపక్కే. అతన్ని బస్సెక్కించకుండా డిపో ఆఫీసులో కూర్చోబెట్టారు కానీ, నోరు మాత్రం ఇంకా బస్సులోనే ఉంది. కడ్డీల మధ్య ఎవరు నడిచినా స్టాపులు పిలుస్తాడు.

"గురువుగారూ, ముందుకి జరగాలి, ముందుకి! వెనక జనం నిలబడ్డారు. చెల్లెమ్మా, మీ ఆయన ఫుట్‌బోర్డు మీదే ఆగిపోయాడు, టిక్కెట్టు కొట్టేదా వద్దా?"

పెద్దమాస్టరు భార్య నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేట్టు నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు విని ఎంత కాలమైందో. ఆ నవ్వు వాడి జేబులోకి పోయింది.

బెంచీ మీద కూర్చుని కండక్టరు కబుర్లు మొదలెట్టాడు. నిన్న మేనల్లుడి పెళ్ళికి వెళ్ళొచ్చాట్ట. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ బస్సేనట. "పొద్దున ముందు వరసలో కూర్చున్నానా, సాయంత్రం దాకా లేస్తే ఒట్టు. వచ్చినవాళ్ళంతా నా దగ్గరికే వచ్చి పలకరించి పోయారు. మన దర్జాకి ఏం తక్కువ?"

పొద్దున్నుంచి సాయంత్రం దాకా! పెద్దమాస్టరు అతని ప్యాంటు వంక చూశాడు. లేతరంగుది. ఇస్త్రీ మడత నలగలేదు. పైనుంచి ఏదో సెంటు వాసన. తనేమో స్ట్రోక్ తర్వాత నల్లప్యాంటు తప్ప వేసుకోలేదు. ఒకే రోగం, ఒకే పక్క, ఒకే నెల. దేవుడు పంచేటప్పుడు వాడికి కాలూ చెయ్యీ మాత్రం పట్టి వదిలేసి, తనకి మాత్రం అడుగునున్నదంతా గోకి పెట్టాడు.

ఇంటికొచ్చాక చెప్పులు విడుస్తూనే అన్నాడు.

"బాగా నవ్వుకున్నావుగా ఇవాళ."

"ఎవరు?"

"నువ్వే. ఆ కండక్టరుతో."

భార్య సంచీ కొక్కానికి తగిలించి వెనక్కి తిరిగింది. "నవ్వితే తప్పా?"

"తప్పని నేనన్నానా? వాడితోనే నవ్వుకో. వాడికి లేతరంగు ప్యాంట్లూ, సెంటూ ఉన్నాయి."

"మీరు నవ్వించండి, మీతోనూ నవ్వుతాను." గొంతు పెంచలేదామె. "నేనేం అడిగానండీ మిమ్మల్ని? దుప్పట్లు ఉతకడం కష్టంగా ఉందని ఎప్పుడైనా అన్నానా? గంట గంటకీ వెళ్ళిరండి, వచ్చినా రాకపోయినా వెళ్ళండి అని ఆ థెరపీ అమ్మాయి మొత్తుకుంటోంది. షాపులో లేచి వెళ్ళడానికి నామోషీ. ఎవరైనా చూస్తారని నామోషీ. నామోషీ అంతా మీది, నవ్వు మాత్రం నాది పోవాలి. ఇదేం న్యాయం?"

ఆ రోజు అతను అన్నం సగంలో వదిలేసి లేచాడు.

*

ఆ తర్వాత వ్యాయామాల రోజున కండక్టరు రాలేదు. హాలు చప్పగా ఉంది. కడ్డీల మధ్య నడుస్తున్నవాళ్ళు ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకుంటూ నడిచారు. పెద్దమాస్టరు మాత్రం ఇటు చివర్నుంచి అటు చివరికి హుషారుగా నడిచాడు. థెరపీ అమ్మాయి బాగుందంది. భార్య వంక ఓరగా చూశాడు. ఆమె గుమ్మం వైపు చూస్తోంది.

వెళ్ళిపోయే వేళకి ఒకావిడ ఆదరాబాదరాగా లోపలికొచ్చింది. కండక్టరు భార్య. అతన్ని దింపడానికి ప్రతిసారీ గుమ్మం దాకా వచ్చి వెళ్ళే మనిషే. వచ్చేవారం వ్యాయామాలు వద్దని చెప్పడానికి వచ్చింది.

"జ్వరం. ఒళ్ళు కాలిపోయింది. మాట కూడా తడబడిపోయిందొదినా. మళ్ళీ స్ట్రోకేమోనని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. స్ట్రోక్ కాదట. మూత్రంలో చీము పట్టిందట. ఒంట్లో నీళ్ళే లేవన్నారు."

ఆ మాటతో పెద్దమాస్టరు మనసులో ఓ మూల సంబరం లేచింది. చిన్నదే. లేచిన మరుక్షణమే సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డా అది పోలేదు, మూలకి ఒదిగి కూర్చుంది.

కండక్టరు భార్య బెంచీ మీద కూలబడింది. పెద్దమాస్టరు భార్య చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. అయినా అతనికి వినిపిస్తూనే ఉంది.

"నీకు చెప్పుకుంటే తప్పులేదు. ఈ మనిషికి ఇంకెవరో ఉన్నారని నా అనుమానం."

"అయ్యో, ఏం మాటలొదినా అవి?"

"మరేంటి చెప్పు? తనకి గురక ఎక్కువని వంక చెప్పి వేరే గదిలో పడుకుంటున్నాడు. లోపల గడియ. ఆఫీసునుంచి రాగానే నా మొహం చూడకుండా స్నానాలగదిలోకి దూరతాడు. జన్మలో రుమాలు ఉతుక్కోని మనిషి, తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు. నన్ను ముట్టుకోనివ్వడు. ఆ సెంట్లు! పాతికేళ్ళ కాపురంలో నాకోసం ఎప్పుడైనా కొట్టుకున్నాడా సెంటు? ఎవత్తో ఉంది. అదెవత్తో తెలిస్తే జుట్టు పట్టుకుని ఈడుస్తా."

పెద్దమాస్టరు వేళ్ళు చేతికర్ర పిడి మీద బిగుసుకున్నాయి. గదికి గడియ. సెంటు. తన బట్టలు తనే. ఆవిడకి అర్థం కానిది అతనికి ఒక్కొక్కటిగా అర్థమవుతోంది. కానీ చెప్పాల్సింది తను కాదు.

"గడ్డం మాసి దెయ్యంలా ఉన్నాడన్నయ్యగారూ," అందావిడ కళ్ళు తుడుచుకుని, అతనివైపు తిరిగి. "అద్దం అడుగుతాడు, చూసుకుని విసిరేస్తాడు. మీరొకసారి వస్తారా? మీ చేతిపని గురించి చాలామంది చెప్పగా విన్నాను."

ఇన్ని రోజుల్లో అతని చేతిని అడిగిన మొదటి మనిషి ఆవిడే.

"వస్తానమ్మా," అన్నాడు.

*

ఆసుపత్రి వార్డులో కిటికీ పక్కన మంచం. కండక్టరు చిక్కిపోయాడు. పెదాలు ఎండి చెక్కులు కట్టాయి. పెద్దమాస్టరుని చూసి లేవబోయాడు.

"రండి గురువుగారూ. సీటు ఖాళీ లేదు, అడ్జస్ట్ అవ్వాలి." గొంతులో జీవం లేదు కానీ అలవాటు పోలేదు.

ఆడవాళ్ళిద్దరినీ బయట కూర్చోమని, పెద్దమాస్టరు తన తోలుసంచీ విప్పాడు. వేడినీళ్ళ గిన్నె, సబ్బు, బ్రష్షు, కొత్త బ్లేడు, పటిక ముక్క. తువ్వాలు వేడినీళ్ళలో ముంచి, కుడిచేత్తో మెలితిప్పి పిండి, ఆ చెంపల మీద పరిచి కాసేపు ఉంచాడు. గడ్డం మెత్తబడాలి. ఆ కాసేపట్లో కళ్ళు కిందికి దిగాయి. మంచం పక్కన కొక్కానికి ప్లాస్టిక్ సంచీ వేలాడుతోంది. దుప్పటి కిందనుంచి సన్నటి గొట్టం దాన్లోకి దిగింది. సంచీ సగం నిండి ఉంది.

కండక్టరు తువ్వాలు కిందనుంచే మాట్లాడాడు.

"చూశారుగా."

"చూశాను."

"ఇక నవ్వుకోండి."

పెద్దమాస్టరు తువ్వాలు తీసి బ్రష్షుతో నురగ కలపడం మొదలుపెట్టాడు. గుండ్రంగా, గుండ్రంగా, నురగ చిక్కబడేదాకా. "నవ్వడానికి రాలేదు. పెళ్ళిలో సాయంత్రం దాకా లేవలేదన్నారే?"

"లేవలేదు. ముందురోజు మధ్యాహ్నంనుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు. తాగితే కదా రావడానికి. అయినా వస్తుంది. గుడ్డలు మడతపెట్టి కట్టుకుని కూర్చున్నా. లేస్తే కనపడుతుందని లేవలేదు. దర్జా అనుకున్నారు అందరూ." కళ్ళు కప్పువైపు తిప్పుకున్నాడు. "ఆఫీసులోనూ అంతే. నీళ్ళు మానేశా, టీ మానేశా. ఆఖరికి లోపల చీము పట్టింది. అసలు రాకుండా బిగుసుకుపోయింది. గొట్టం వేసి లాగారు."

నురగ చెంపలంతా పట్టించాడు. మొద్దుబారిన ఎడమవేళ్ళ కణుపులతో చర్మం పైకి నొక్కి, చెవి దగ్గర కత్తి ఆనించాడు. కిందికి ఒక్క గీత. కింద తేలిన చర్మం పసుపుపచ్చగా, పలచగా ఉంది.

"నాకు నీ మీద ఎంత కుళ్ళుండేదో తెలుసా?" అన్నాడు కండక్టరు, మీరు మీరనడం మానేసి.

కత్తి ఆగింది. "నా మీదా?"

"నీ మీదే. వచ్చినప్పుడల్లా బెంచీ మీద కూర్చుని మీ ఆవిడ ఒళ్ళో ఆ గుడ్డసంచీ చూసేవాణ్ణి. ఒకసారి కిందపడి తెరుచుకుంటే లోపల ప్యాంటు కనపడింది. నాకు ఒక్కసారిగా తెలిసిపోయింది. వీడిదీ నా రోగమే. కానీ వీడికి మోసేవాళ్ళున్నారు. వీడు దాచుకోనక్కర్లేదు. నా మొహానికేమో తలుపు గడియ. ఆ రోజునుంచి నిన్ను చూస్తే ఆ కుళ్ళు నన్ను నిలవనివ్వదు. అందుకే నిన్నే ఎక్కువ ఆటపట్టించేవాణ్ణి. ఎలా చెప్పావయ్యా మీ ఆవిడకి?"

"నేను చెప్పలేదు. పక్క తడిపాను. తనే చూసింది."

"ఏమంది?"

"ఏమంటుంది. కాస్త అటు జరగండి, దుప్పటి తీయాలి అంది. అంతే."

"అంతేనా?"

"అంతే."

కండక్టరు కంటి కొసనుంచి నీళ్ళు జారి నురగలో కలిశాయి. పెద్దమాస్టరు చూడనట్టే కత్తి గుడ్డకి తుడిచి, పైపెదవి మీదికి వచ్చాడు. మీసం అంచు సరిచేసేటప్పుడు మాట్లాడకూడదు. అది అయ్యాకే అన్నాడు.

"నిజం చెప్పనా? నాకు ఇప్పుడు నీ గొట్టం సంచీ మీద కూడా అసూయగా ఉంది. హాయిగా పడుకుంటే దానిదారిన అది పోతోంది. లేవక్కర్లేదు, పరిగెత్తక్కర్లేదు."

కండక్టరుకి నవ్వు పొర్లుకొచ్చింది. "పెట్టించుకో! ఎలా మండుతుందో తెలుస్తుంది. రేపు తీసేస్తామన్నారు, తీసుకుపో కావాలంటే!" నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు. పెద్దమాస్టరు కత్తి దూరంగా పట్టుకుని, అతనూ నవ్వాడు. పక్క మంచం మీది మనిషి తలతిప్పి చూశాడు.

పటిక రాసి, మొహం తుడిచి, అద్దం చేతికిచ్చాడు. కండక్టరు చూసుకున్నాడు. విసిరేయలేదు.

"ఆవిణ్ణి పిలువు," అన్నాడు.

పెద్దమాస్టరు సామాను సర్దుకుని బయటికొచ్చి, ఆవిణ్ణి లోపలికి పంపాడు. భార్య పక్కన నిలబడ్డాడు. కాసేపు లోపల్నుంచి గుసగుసలు. తర్వాత ఉన్నట్టుండి ఆవిడ గొంతు వార్డంతా వినపడింది.

"దీనికా? దీనికా మూడో మనిషిలా నన్ను గది బయట పెట్టావ్? నేను అదెవత్తో అని దిండు తడిసేలా ఏడుస్తుంటే, నువ్వు లోపల కూర్చుని నిక్కర్లు ఉతుక్కుంటున్నావా? నీ దుంప తెగ!" ఆ తర్వాత చిన్న దెబ్బ చప్పుడు. మంచి భుజం మీదే కొట్టినట్టుంది. ఆ తర్వాత ఏడుపు, ఆడదో మగదో తెలియని ఏడుపు.

పెద్దమాస్టరు భార్య కళ్ళు వత్తుకుంటూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి.

అతను ఆ నవ్వు పక్కనే నిలబడ్డాడు. ఈసారి అది ఎవరి జేబులోకి పోతోందో చూసుకోలేదు.

*

మర్నాడు పొద్దున పెద్దమాస్టరు సెలూనుకి తన గుడ్డసంచీ తనే పట్టుకుని వచ్చాడు. తమ్ముడు పలకరించేలోగా కుర్చీ మీద తువ్వాళ్ళు తీయడం మొదలుపెట్టాడు. ఒక్క చేత్తో తీయడం, కాలీడ్చుకుంటూ తలుపు దాకా వెళ్ళడం, వాటిని ఆ దిండున్న కుర్చీ మీద పెట్టి రావడం. తమ్ముడు సాయం రాబోయాడు. అతను చూసిన చూపుకి ఆగిపోయాడు. అన్నీ అయ్యాక కుర్చీని అద్దం వైపు తిప్పి, దాని చేతులు రెండూ తుడిచాడు.

మొదట వచ్చింది దర్జీయే. గుమ్మంలో నిలబడి ఇద్దరి కుర్చీల వంకా చూశాడు.

"రండి," అన్నాడు పెద్దమాస్టరు. "ముందే చెబుతున్నా. నాకు ఒంటేలు ఆగదు. స్ట్రోక్ తర్వాతనుంచి అంతే. వస్తే మధ్యలో వదిలేసి వెళతాను. మీకు తొందరుంటే అటు కూర్చోండి, నేనేం అనుకోను."

అది అబద్ధం. చాలా అనుకునేవాడు.

దర్జీ గొంతు సవరించుకున్నాడు. తమ్ముడివైపు చూశాడు. తర్వాత వచ్చి పెద్దమాస్టరు కుర్చీలో కూర్చుని మెడ వెనక్కి వాల్చాడు. "తొందరేం లేదు. మా అమ్మాయి మిషను దగ్గర కూర్చుంది."

కుడి చెంప అయింది. గడ్డం కింద సగం అయింది. అప్పుడొచ్చింది. పెద్దమాస్టరు కత్తి మడిచి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడే వస్తా."

తమ్ముడు తన కత్తి తీసుకుని ఇటు అడుగేశాడు. తప్పుడు ఆలోచనతో కాదు, అలవాటుగా.

"ముట్టుకోకు."

"అది కాదన్నయ్యా, నురగ ఆరిపోతుంది."

"ఆరితే మళ్ళీ వేస్తా. ఆయన నా కస్టమరు."

కర్ర టకటకలాడించుకుంటూ వెనక్కి వెళ్ళాడు. తలుపు చేరేసరికి కొంచెం తడిసింది. ఎక్కువ కాదు. లోపల గడియ వేసుకుని, గోడకి ఆనుకుని, ఒంటికాలి మీద తంటాలు పడి ప్యాంటు మార్చుకున్నాడు. తడిది సంచీలో పెట్టాడు. చేతులకి సబ్బు రెండుసార్లు రాసుకున్నాడు. ఈలోగా లేచి పోయి ఉంటాడేమో, పక్క కుర్చీలోకి మారిపోయి ఉంటాడేమో. ఆ భయం తలుపు తీసేదాకా పోలేదు.

దర్జీ కదల్లేదు. ఎడమ చెంప మీద నురగ ఎండి పొలుసులు లేచింది. తమ్ముడు తన కుర్చీ దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

పెద్దమాస్టరు బ్రష్షు వేడినీళ్ళలో ముంచాడు. సబ్బు మీద తిప్పి, కొత్త నురగ చెంపకి పట్టించి, కత్తి విప్పాడు.

"పోయినసారి మీసం ఎడమవైపు కొంచెం పొడుగుంచారు మాస్టారూ," అన్నాడు దర్జీ, ఫిర్యాదుగా.

"అక్కడికే వస్తున్నా," అన్నాడు పెద్దమాస్టరు. "మాట్లాడకండి."